గజంబద్ద చప్పుడు

కోయిలకుంట్ల వైపు ఎప్పుడైనా వెళ్తే ఒక మనిషిని మాత్రం మీరు చూసి తీరాలి. బజారు వీధిలోకి తిరగ్గానే కేశవులు శెట్టి బట్టలంగడి కనిపిస్తుంది. చూడాల్సింది శెట్టిని కాదు. ఆయన పక్కన చాప మీద, గుడ్డ కొలిచే గజంబద్ద ఒళ్లో పెట్టుకుని కూర్చునే ఆయన భార్య సుబ్బరత్నమ్మను.

ముప్పై అయిదేళ్లు ఆ అంగడి నడిచింది శెట్టి చూపు మీదే. మనిషి మెట్టెక్కుతుండగానే పెళ్లి బట్టలకొచ్చారో, పసిబిడ్డకు గుడ్డలకొచ్చారో ఆయనకు తెలిసిపోయేది. కొందరు మాత్రం మెట్టు కిందే నిలబడి "ఒక చీర కావాల" అంటారంతే. అది చనిపోయిన మనిషి మీద కప్పడానికి. అలాంటివాళ్లకు రెండో చీర విప్పి చూపకూడదు, బేరం పెట్టకూడదు. అన్నిటికంటే ముఖ్యం, వెళ్లేటప్పుడు "మళ్లీ రాండి" అనకూడదు. శెట్టి ఒక్కసారి కూడా పొరబడలేదు.

రెండేళ్ల కిందట వేసవిలో ఆయనకు పక్షవాతం వచ్చింది. మూడు నెలల్లో చెయ్యీ కాలూ స్వాధీనమయ్యాయి. మాట స్పష్టంగానే ఉంది. దేవుడి దయ అనుకుని సుబ్బరత్నమ్మ ఆయన్ని మళ్లీ అంగట్లో కూర్చోబెట్టింది.

ఒకరోజు పక్క ఊరి రైతు గోపన్న వచ్చి మెట్టు కింద నిలబడ్డాడు. కళ్లు వాచిపోయి ఉన్నాయి. చీర అడిగాడు. శెట్టి నవ్వుతూ అయిదు చీరలు విప్పాడు.

"ఎవురికప్పా? కొత్త పెండ్లికూతురికా? ఈ అంచు చూడు, శానా బాగుండాది."

గోపన్న ఒకటి తీసుకున్నాడు. శెట్టి మడతపెట్టి ఇస్తూ, "మళ్లీ రా గోపన్నా" అన్నాడు.

"ఏం శెట్టీ! మాయమ్మ పోయింది. మా ఇంట్లో ఇంగెవురు సావల్ల నీకు?"

చీర మెట్టు మీదే పడేసి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆ ఊరివాళ్లు అంగడి గడప తొక్కలేదు.

సుబ్బరత్నమ్మ ఆయన్ని కర్నూలుకు తీసుకెళ్లింది. అక్కడ డాక్టర్ శ్రీవిద్య స్కాన్ ఫిల్మును వెలుగుకు పట్టుకుని చూపించింది. "ఎవరికైనా ముల్లు గుచ్చుకుంటే, చూసే మనకు కూడా చురుక్కుమంటుంది కదమ్మా. మన నొప్పికి మెదడులో కదిలే చోట్లలో కొన్ని, ఎదుటివాళ్ల నొప్పి చూసినప్పుడూ కదులుతాయి. ఈయనకు దెబ్బ తగిలింది ఆ దోవలోనే. ఏడుస్తున్నారని కంటికి కనిపిస్తుంది, లోపలికి తగలదు. కావాలని చేసేది కాదు."

"నేర్పిస్తే వస్తాదా తల్లీ?"

"ఏం చెయ్యాలో నేర్చుకుంటారు. అనిపించడం మాత్రం ఎంత తిరిగొస్తుందో చెప్పలేను."

ఆ మాటకు అర్థం ఆమెకు ఇంట్లోనే తెలిసింది. కత్తెరతో ఆమె వేలు తెగి నెత్తురు కారుతుంటే శెట్టి చూసి, "చీర మీద పడతాది, పక్కకు జరుగు" అన్నాడు. ఒకప్పుడు ఆమెకు సూది గుచ్చుకుంటే ఆమెకంటే ముందు తనే "అబ్బా" అన్న మనిషి.

అంగడి మూసేద్దామన్నారు బంధువులు. మూస్తే ఆయన ఇంట్లో గోడను చూస్తూ కూర్చుంటాడు. అందుకే ఆమె గజంబద్ద పట్టుకుని పక్కన కూర్చుంది. వచ్చినవాళ్ల ముఖం చూసి, దుఃఖం ఉంటే బద్దతో నేల మీద ఒక్కసారి కొడుతుంది. అప్పుడు ఆయన తల వంచాలి, "శానా బాధగా ఉండాదప్పా" అనాలి, ఇంకేమీ అనకూడదు.

"ఏం శెట్టెమ్మా, ముసలోనికి బడి పెట్టినావా, బెత్తం పట్టుకోని కూసున్నావు?" అని ఎదురు టీ అంగడి శివన్న నవ్వేవాడు. ఆమె కూడా నవ్వేది. బద్ద సంగతి ఎవరికీ చెప్పలేదు. శెట్టి మళ్లీ మనిషయ్యాడని ఊళ్లో పేరొచ్చింది.

ఆ పేరు విని, ఏడాది తర్వాత గోపన్న వచ్చాడు. తల్లి సంవత్సరీకానికి ఫోటో ముందు పెట్టడానికి చీర కావాలి. ఈసారి మెట్టెక్కి, చాప మీద కూర్చుని ఒక చీర ఎంచుకున్నాడు.

"శెట్టీ, ఒక మాట అడుగుతా. ఆ పొద్దు నా ముఖం చూసి ఎట్ల నవ్వినావు? ఏడాదిగా అదే గుచ్చుకుంటాండాది. ఇప్పుడన్నా నీకు బాధనిపిస్తాందా?"

గోపన్న కళ్లల్లో నీళ్లు తిరుగుతుంటే శెట్టి సుబ్బరత్నమ్మ చేతి వైపు చూశాడు.

ఒక్క చప్పుడు చాలు. గోపన్నకు మనశ్శాంతి దొరుకుతుంది, అతని ఊరివాళ్లు మళ్లీ అంగడికొస్తారు, శెట్టికి ఆయన పాత చోటు దక్కుతుంది. సుబ్బరత్నమ్మ బద్దను సగం దాకా లేపింది. దాన్ని పట్టుకున్న వేలి మీద కత్తెర మచ్చ కనబడింది. వేలు తెగిన రోజు ఎవరో బద్ద కొట్టి ఆయన చేత "అయ్యో" అనిపించి ఉంటే, దాన్ని తను ఏం చేసుకునేది?

బద్దను చాప మీద పడుకోబెట్టి చెయ్యి తీసేసింది.

శెట్టి బద్ద చప్పుడు కోసం చూశాడు. తర్వాత, "తెలీడం లే గోపన్నా" అన్నాడు. "నువ్వు ఏడుస్తాండావని కనబడతాంది. లోపల ఏమీ కావడం లే. ఈయమ్మ బద్ద కొడితే తల వంచుతా, అంతే."

గోపన్న బద్ద వైపు, ఆమె వైపు చూశాడు. "అయితే మా ఊరోళ్లు వినిందంతా ఉత్తదేనా అక్కా?"

"ఆయన లోపల దెబ్బ తగిలిందప్పా. తల ఆయనే వంచినాడు. చెప్పింది నేను."

అతను చీర చంకలో పెట్టుకుని లేచాడు. వస్తానని అనలేదు, తిట్టనూ లేదు. మెట్టు దిగుతుంటే శెట్టి భార్యను పైకే అడిగాడు, "ఇప్పుడు మళ్లీ రమ్మనొచ్చునా, వద్దా?"

ఆమె చాప మీద నుంచి లేవబోయింది. ఈలోగా గోపన్న వీధి మలుపు తిరిగిపోయాడు.

ఇప్పటికీ ఆ ఊరి నుంచి ఎవరూ రాలేదు. ఇద్దరూ అక్కడే కూర్చుంటున్నారు. మీరే చెప్పండి, ఆ బద్ద మీ చేతిలో ఉంటే కొట్టేవారా?