సుత్తి దెబ్బకు తెరుచుకున్న చక్రం

ఇంగ్లండ్‌లో ఉద్యోగంలో చేరిన ఏడాది, శిలాజాలు వెతకడం నేర్చుకుందామని సముద్రతీరానికి వెళ్ళాను. నేర్పడానికి వచ్చిన పెద్దాయన చూపించిన రాయిని సుత్తితో కొడితే రెండుగా విడిపోయింది. లోపల చక్రం! జంషెడ్‌పూర్‌లో మా పెద్దమ్మ రోజూ తులసి వేసి పూజించే సాలగ్రామంలో ఉన్నట్టే ఉంది. భజనల్లో, పారాయణల్లో పెరిగినవాణ్ణి, సుత్తి కింద పెట్టేశాను.

"ఇది మా దేవుడండీ, కొట్టేశాను," అన్నాను.

ఆయన టోపీ తీశారు. గీతలు బాగా కనబడాలని తన సీసాలోని నీళ్ళు దాని మీద పోసి, "పాతకాలపు సముద్రజీవి," అన్నారు.

భయపడి జంషెడ్‌పూర్ బారిడీహ్ పేటలోని పెద్దమ్మకి ఫోన్ చేశాను.

"బాప్‌రే! సుత్తెట్టి కొట్టేవా? బుద్ధుందేటిరా నీకు? పగిలినా సామి సామే. నీళ్ళోసేవా?"

"ఆ పెద్దాయన పోశారు."

"మరేటి, అభిషేకం అయిపోనాది. ఇంటికి పట్టుకెళ్ళు."

రెండు ముక్కలూ ఇప్పుడు నా కిటికీ దగ్గరున్నాయి. రోజూ స్నానం చేసి నీళ్ళు పోస్తున్నాను. అది అభిషేకమో, గీతలు చూసుకోవడమో నాకే తెలియడం లేదు.