చిన్న నోటి చేప, పెద్ద నోటి బావ

ఉద్యోగ విరమణ అనంతరం మా బావకు రెండు వ్యాపకాలు మిగిలాయి: ఒకటి గాలం, రెండవది ఫోను. ఏ ఒక్కటి మాత్రమే ఉన్నా కుటుంబం భరించగలిగేది. రెండూ ఒకే మనిషి చేతిలో పడడం వల్ల అనర్థం జరిగింది.

ఆయన మా అక్క భర్త. నందికొండలో సాగర్ కాలువల మీద పనిచేసి, అక్కడే ఇల్లు కట్టుకొని స్థిరపడినవాడు. నేను నల్గొండ కళాశాలలో జీవశాస్త్రం బోధించి విశ్రాంతి పొందినవాడిని. జలచరాలను గురించి నాకు కొంత తెలుసునన్నది లోకం అంగీకరించిన విషయమే. బావ మాత్రం అంగీకరించలేదు. ఆయనకు అంతకంటే గొప్ప గురువు ఫోనులో దొరికాడు. ఎక్కడో అమెరికా ఉత్తర కొసన, గడ్డకట్టిన సరస్సు ఒడ్డున నిలబడి, గడ్డం నిండా మంచుతో ఉపన్యసించే ఒక తెల్లదొర. ఆ దొర పట్టే చేపకు ‘చిన్న నోటి బాస్’ అని పేరు. చేపకు నోరు చిన్నది కావచ్చు. దాన్ని గురించి మాట్లాడేవారికెవరికీ ఆ లోపం ఉన్నట్టు నాకు కనిపించలేదు.

ఆ సంవత్సరం చలి నిజంగానే తీవ్రంగా ఉండింది. శివరాత్రితో చలి శివశివా అని వెళ్లిపోతుందని మన పెద్దలు చెప్పారు. ఆ ఏడు శివరాత్రి వెళ్లిపోయింది, చలి మాత్రం కదలలేదు. నేను నందికొండకు వెళ్లేసరికి బావ మంకీ టోపీ పెట్టుకొని, వరండాలో ఫోను ముందు శిష్యుని వలె కూర్చొని ఉన్నాడు.

“రా బామ్మర్దీ, ఇటు సూడు. చలి గట్టిగ వడితే బరుఫు మందంగ కడ్తది. మందంగ కడితే లేటుగ కరుగుతది. లేటుగ కరిగితే నీళ్లు లేటుగ ఎచ్చబడ్తయి. గప్పుడు చాప ఒడ్డు రాళ్ల కాడికి లేటుగ వస్తది. గిదీ లెక్క.”

“లెక్క సరిగానే ఉంది బావా. మన సాగర్‌లో మంచు ఎక్కడ గడ్డకట్టింది?”

“కట్టలే. కాని ప్రభావం ఉంటది.”

ఇంత శాస్త్రం ఊరికే పుట్టలేదు. దాని వెనుక ఒక మాట ఉంది. చిన్న కూతురిని అచ్చంపేటలో ఇచ్చిన మా బావ, పెళ్లి పందిట్లో వియ్యంకుని చేయి పట్టుకొని నిండు సభలో శపథం చేశాడు. “బావగారూ, మటన్ ఎవలైన పెడ్తరు. మీరు మా ఇంటికి తొల్తసారి వచ్చిననాడు, నా చేతి గాలంతోని పట్టిన కృష్ణ చాప మీ ఇస్తారిల వడాలె. కొన్నది పెడితే నా పేరు మార్చుకుంట.” వియ్యంకుడు అటవీ సరుకుల వ్యాపారి. మాట విని మీసం కింద నవ్వి, “యాదుంచుకుంట,” అన్నాడు. వ్యాపారులు యాదుంచుకుంటామన్నప్పుడు భయపడవలసి ఉంటుంది. మా బావ మురిసిపోయాడు.

ఆ వియ్యంకులు రాబోయే ఆదివారం వస్తున్నారు. పిల్లనిచ్చిన ఇంట మగపెళ్లివారికి మర్యాద తక్కువైతే, ఆ తక్కువను జీవితాంతం విని భరించవలసింది ఇచ్చినవాడు కాదు, వెళ్లిన పిల్ల. మా అక్క దిగులంతా అదే.

“తమ్మీ, నువ్వన్న చెప్పు. ఒక పొట్టేలు తొడ తెచ్చి వండుకుంటే అయిపోయె గద! అడిగితే ‘శపథం’ అంటడు. అత్తగారింట్ల పిల్లను ఎవలేమన్న అంటే ఈ శపథం వొయ్యి అడ్డం పడ్తదా?”

చెప్పాను. తరగతి గదిలో చెప్పినంత స్పష్టంగా చెప్పాను. నీరు చల్లబడినప్పుడు చేప ఒంట్లో వేగం తగ్గుతుంది, ఆకలి మందగిస్తుంది, లోతుకు దిగి కదలకుండా ఉంటుంది. కనుక తెల్లవారుజామున ఒడ్డున కూర్చోవడం వృథా. మధ్యాహ్నం ఎండకు ఒడ్డు నీరు కాస్త వెచ్చబడినప్పుడు, వానపామునో జొన్నపిండి ముద్దనో ఎర పెట్టి ప్రయత్నించడం సమంజసం. ఇందులో అర్థం కానిదేమీ లేదు. బావ పూర్తిగా విని, గౌరవంగా తల ఊపి, మరునాడు తెల్లవారుజామునే బయలుదేరాడు. దొర తెల్లవారుజామునే వెళతాడట.

వెంట నేనూ వెళ్లాను. క్రమశిక్షణ లేని పనిని కళ్లారా చూడకుండా విమర్శించడం నా పద్ధతి కాదు. జలాశయం ఒడ్డున రాళ్లు మంచులో కడిగినట్టున్నాయి. బావ సంచి విప్పాడు. అందులో రకరకాల రంగుల రబ్బరు ప్రాణులు. వాటిలో ఒకటి పట్టకార్లవంటి రెండు చేతులున్న ఎర్రటి రొయ్య.

“ఇదేమిటి?”

“బాసుకు పానం దీని మీద.”

“మన రవ్వ చేపకు, కొర్రమట్టకు ఇదేమిటో తెలుసునా?”

“తెల్వకుంటెనే గద బామ్మర్దీ, సూడనీకి దగ్గరికి వస్తది!”

సూర్యుడు గట్టుమీదికి వచ్చేదాకా ఆ రబ్బరు రొయ్య కృష్ణానదిలో స్వేచ్ఛగా విహరించింది. దగ్గరికి వచ్చి దానిని పలకరించిన ప్రాణి లేదు. సరిగా ఎండ ఎక్కి, నీరు వెచ్చబడవలసిన వేళకు బావ సామాను సర్దుకున్నాడు. వీడియో అంతటితో అయిపోతుంది కాబట్టి వేటా అంతటితో అయిపోవాలి.

వారమంతా ఇదే. ఇంటికి వచ్చి ఆ రోజు వైఫల్యాన్ని బరుఫు మందంతో కొలిచి చెప్పేవాడు. అక్క వినేది కాదు, గిన్నెలు కొంచెం గట్టిగా కడిగేది. శనివారం నాడు మాత్రం వంటింట్లోంచి అన్నది: “బరుఫు మందం సంగతి పక్కకు పెట్టు. నీ తలకాయ మందమెంతనో జర ఆ దొరనడుగు.”

ఆదివారం పొద్దున ఎట్టకేలకు గాలం బరువెక్కింది. రబ్బరు రొయ్యకు కాదు. బావ ముఖం అటు తిప్పినప్పుడు నేను రెండో గాలానికి గుచ్చిన జొన్నపిండికి. పడినది జిలేబి చేప, అరచేయంత. బావ దానిని రెండు చేతులతో ఎత్తుకున్న తీరు చూస్తే పుట్టువెంట్రుకలు తీయించడానికి తీసుకువెళుతున్నాడని ఎవరైనా అనుకునేవారు.

మధ్యాహ్నానికి వియ్యంకులు దిగారు. పప్పుచారు, పచ్చిపులుసు, గుడ్ల కూర, వాటి నడుమ పెద్ద గిన్నెలో, విస్తారమైన పులుసు మధ్యన, ఆ ఒక్క జిలేబి. అక్క వడ్డన మొదలుపెట్టింది. వియ్యపురాలు గిన్నెలోకి వంగి, తీరిగ్గా చూసి, నిటారుగా అయింది.

“వదినా, పులుసుల చాప ఈత నేర్చుకుంటున్నట్టున్నదే! కొంచెం పెద్దగైనంక పిలువకపోయిండ్రా మమ్మల్ని?”

నవ్వులు లేచాయి. వాటిలో మా అక్క నవ్వు లేదు. అప్పుడు బావ గొంతు సవరించుకున్నాడు. బరుఫు కట్టడం, కరగడం, దొర, చిన్న నోరు, రాళ్లు—ఉపన్యాసం యావత్తూ, విస్తరి ముందు, అన్నం చల్లారుతుండగా సాగింది. వియ్యంకుడు కలిపిన ముద్ద చేతిలోనే ఉంచుకొని ఆసాంతం విన్నాడు. తరువాత నా వైపు తిరిగాడు.

“మీరు సదువు చెప్పినోళ్లు. నిజమేనా సారూ? చలికి గింత ప్రభావం ఉంటదా?”

బావ నా వైపు చూడలేదు, విస్తరిలోకి చూశాడు. అక్క పులుసు గరిటె పట్టుకొని తలుపు దగ్గర నిలబడిపోయింది. తప్పు సమాధానానికి జీవితంలో ఏనాడూ అర మార్కు కూడా దానం చేయనివాడిని నేను. వాక్యాన్ని మనసులో రెండుసార్లు సరిచూసుకున్నాను. బరుఫు అనే మాట తొలగించాను. నీటి చల్లదనం అనే మాట చేర్చాను.

“నీటి చల్లదనం వలన చేప మేత ముట్టకపోవడం శాస్త్రసమ్మతమే,” అన్నాను. “ఈ ఏడు చలిలో ఇది దొరకడమే విశేషం.”

ఇందులో అబద్ధం లేదు. ఏ అక్షరమైనా విడదీసి చూసుకోవచ్చు.

“గట్లనా!” అన్నాడు వియ్యంకుడు. జిలేబిని సగం చేసి, తోక తాను వేసుకొని, తల భాగాన్ని మా బావ విస్తరిలో పెట్టాడు. “అయితే దొరకనిదాన్ని దొరికించి పెట్టిండు మా బావ. తినుండ్రి, తినుండ్రి.” వియ్యపురాలు ఇంకేదో అనబోయి, మొగుని ముఖం చూసి, గుడ్ల కూర అడిగింది. అక్క గరిటె కదిలింది.

మర్యాద దక్కింది. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. కానీ మెచ్చుకోలు దొరికిన మూర్ఖత్వం ఎప్పుడూ ఖాళీగా కూర్చోదు. చేయి కడుక్కొని ఇద్దరు వియ్యంకులూ వరండాలో ఒకే ఫోను మీదికి వంగారు. అక్కడ దొర, సరస్సు మీద నిలబడి, పొడవాటి బర్మాతో మంచుకు బొక్క వేస్తున్నాడు.

“బావగారూ, ఆ బర్మా ఏడ దొరుకుతది?” అని అడిగాడు వియ్యంకుడు.

“హైదరబాద్‌ల దొరకొచ్చు. కనుక్కుంట.”

“రెండు చెప్పుండ్రి. మా అచ్చంపేట చెరువుకొకటి.”

ఆయన మీసం కింద నవ్వు ఉన్నదో లేదో నేను కూర్చున్న చోటికి కనిపించలేదు. బావ మాత్రం అప్పటికే ఎవరికో ఫోను కలుపుతున్నాడు.