ఆగాల్సిన చోట 'అయ్యా'

అరవైల మొదట్లో నేను నెల్లూరు నుంచి ఇందుకూరుపేట దగ్గరి ఒక పల్లెకు కోడలిగా వెళ్ళాను. ఆ ఊరి చర్చిలో పాట ఎత్తుకునేది మా అత్త. హార్మోనియం వాయించే పాస్టరుగారు కూడా ఆమె గొంతు వెంట పోవలసిందే. ఏ కీర్తననైనా ఆమె ఎంత సాగదీసేదంటే, చరణానికీ చరణానికీ మధ్య ఓ కునుకు తీయవచ్చు.

నేను హాస్టల్లో చదివేటప్పుడు ఒక కొత్త పాట నేర్చుకున్నాను. గిటారు పట్టుకుని పాడే పాటలు అప్పుడప్పుడే వస్తున్నాయి. చిన్న చిన్న మాటలు, చురుకైన నడక. ఒకరోజు బియ్యం ఏరుతూ దాన్ని పాడుకుంటుంటే మా ఇంటికి వచ్చిన పాస్టరుగారు విన్నారు.

"అమ్మా, ఇది మన ఆడవాళ్ళందరికీ నేర్పించు. కోతల పండక్కి పాడిద్దాం," అన్నారు.

సంబరంగా ఒప్పుకున్నాను. ఆ సంబరం మొదటి సాయంత్రమే తీరిపోయింది.

పొలాల నుంచి, చేపలు ఎండేసే చోటి నుంచి వచ్చి ఆడవాళ్ళు చర్చి అరుగు మీద కూర్చునేవాళ్ళు. నేను ఒక ముక్క పాడితే వాళ్ళు అందుకునేవాళ్ళు. మాటలు ఇట్టే పట్టేశారు. గొడవంతా పల్లవి మధ్యలో ఉన్న ఖాళీతోనే. అక్కడ క్షణంసేపు అందరూ గొంతు ఆపి, ఒక్క చప్పట కొట్టి మళ్ళీ ఎత్తుకోవాలి. ఆ పాటకు అందమే అది. ఆ ఖాళీలో మా అత్త "అయ్యా" అని పెట్టింది. ఆమె పెట్టాక అందరూ పెట్టారు.

"అత్తా, అక్కడ ఏమీ అనకూడదు. ఆగాలి."

"ఎందుకాగాలా?"

"ఆ పాట అంతే."

"నడిమధ్యలో ఆగితే అయిపోయిందనుకోడా దేవుడు?"

అందరూ గొల్లున నవ్వారు. నాకు ఒళ్ళు మండింది.

మర్నాడు ఆ చోటు రాగానే చెయ్యెత్తి ఆపమని సైగ చేశాను. నా చేతి వంక చూస్తూ ఇంకా గట్టిగా "అయ్యా" అన్నారు. మనసులో 'ఒకటి' అని లెక్కబెట్టుకుని ఎత్తుకోమంటే, "పాడేదా, లెక్కబెట్టేదా?" అంది అత్త. ఇంట్లో పొయ్యి ముందు కూర్చున్నా అదే పాట, అదే అయ్యా. మా ఆయనతో మొరపెట్టుకుంటే, "దేవుడి పాటే గదా, ఒక అయ్యా ఎక్కువైతే ఏంది?" అన్నాడు. ఆ పూట ఆయనకు పులుసు వడ్డించలేదు.

ఒకనాడు చివరికి అరుగు మీదే ఏడుపొచ్చేసింది. "మీరే పాడుకోండి, రేపటి నుంచి నేను రాను," అని లేచాను. అత్త నన్ను ఎగాదిగా చూసి, "పిల్ల గొంతు పోయేటట్టుంది. ఆ కాడ ఆగండే అందరూ," అంది. అంతే, ఆగారు. అన్నాళ్ళ నా అరుపుకు లేని విలువ ఆ ఒక్క మాటకు వచ్చింది.

పండగనాడు చర్చి ముందుభాగమంతా ధాన్యం బస్తాలు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు. పాట మొదలైంది. ఖాళీ వచ్చింది. ఆడవాళ్ళంతా చక్కగా ఆగి చప్పట కొట్టారు. సరిగ్గా అప్పుడు మగవాళ్ళ వైపు నుంచి, పిల్లల వైపు నుంచి, చర్చి దద్దరిల్లేలా "అయ్యా!" అని వినబడింది. ఇన్నాళ్ళూ దారిన పోతూ మా సాధన విని వాళ్ళు నేర్చుకున్నది అదే. రెండోసారి ఇంకా ఊపుగా అన్నారు.

మా అత్త లేచి నిలబడింది.

"ఆగాల్సిన కాడ ఆగరేందయ్యా! పాట తెలీకపోతే నోరు మూసుకోండి!"

పాట ఆగిపోయింది. పాస్టరుగారు హార్మోనియం మీదికి తల వంచేశారు. ఆయన భుజాలు అదురుతున్నాయి. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ క్షణాన పుట్టింటికి బండి కట్టించుకుని పోవాలనిపించింది.

ఇంటికి వస్తూ అత్త అంది కదా, "తప్పు నీదే అమ్మాయ్. మొగోళ్ళకు నువ్వు నేర్పించలేదు. ఇంక నేను చూసుకుంటాలే."

అన్నంత పనీ చేసింది. ఆ ఖాళీ తానే కనిపెట్టినట్టు, దాని అందం గురించి మగవాళ్ళకు చెబుతుంటే నేను వెనక పళ్ళు నూరుకుంటూ కూర్చున్నాను. ఆ పై ఆదివారానికల్లా ఒక్కడు కూడా నోరు మెదపకుండా ఆగారు. ఉండబట్టలేక అడిగాను, ఏం చెప్పావని.

"ఆగనోడి పేరెత్తి అందరి ముందరా ప్రార్థన చేస్తానన్నా," అంది.