ఏకాదశి నాటి బుగ్గ

ఆదోనిలో నాది పళ్ళ ఆసుపత్రి. గురువారం మాత్రం ఎమ్మిగనూరులో కూర్చుంటాను. చాలా ఏళ్ళుగా నా బల్ల సొరుగులో ఒక నోటుపుస్తకం ఉంది. దవడ ఎముకలో వాపుతో వచ్చిన ప్రతి మనిషి వయసూ, పనీ, ఊరూ, చివరికి అది ఏమని తేలిందీ అందులో రాస్తాను. పేర్లు రాయను. ఇదేమీ పరిశోధన కాదు, నా జ్ఞాపకశక్తి మీద నాకు నమ్మకం లేక.

ఆ పుస్తకం తిరగేస్తే ఒక సంగతి తెలుస్తుంది. దవడ వాచిందంటే చాలామటుకు అది పుచ్చుపన్ను వేరు దగ్గర కట్టిన నీటితిత్తి. ఏడుస్తూ వచ్చినవాళ్ళలో ఎక్కువమంది అది తీయించుకుని నవ్వుతూ పోయినవాళ్ళే. అసలైన గడ్డలు తక్కువ. వాటిలో నేను ఎక్కువగా చూసింది అమెలోబ్లాస్టోమా. పన్ను తయారయ్యే కణాల నుంచే పుడుతుంది. నొప్పి ఉండదు, ఏళ్ళ తరబడి నిదానంగా పెరుగుతూ ఎముకను డొల్ల చేస్తుంది. క్యాన్సర్ కాదు గానీ, వదిలేస్తే దవడను మిగల్చదు. పొగాకు నమిలేవాళ్ళకు బుగ్గలో పుట్టి ఎముకలోకి దిగే క్యాన్సర్ వేరు. అది రాసిన పేజీని మాత్రం వెంటనే తిప్పేస్తాను.

మా మేనత్తది ఎమ్మిగనూరే. మామ మగ్గం మీద, ఆమె రాట్నం దగ్గర. చిన్నప్పుడు నన్ను పెంచింది ఆమే. అందుకే గురువారం మధ్యాహ్నం తిండి ఆమె ఇంట్లోనే. ఆమె ఎడమ బుగ్గలో ఎప్పుడూ ఆకువక్క, దాంతో చిటికెడు పొగాకు ఉండాల్సిందే. కండెలకు నూలు చుడుతున్నంతసేపూ ఆ బుగ్గ ఉసిరికాయంత ఎత్తుగా ఉండేది. చూడగానే నాకు ఒళ్ళు మండేది. చెప్పులు విప్పకముందే మొదలుపెట్టేదాన్ని.

"ఉమ్మెయ్ అత్తా! ఆ బుగ్గ చూడు, ఎట్లా ఉబ్బిందో!"

"సాల్లేవే డాక్టరమ్మా. పెరటి సెట్టు మందుకు పనికిరాదంట. నీ మాటలు ఆదోనిలో సెప్పుకో, ఈడ రొట్టె తిను."

నేను తిట్టడం, ఆమె నవ్వడం, ఇద్దరికీ అలవాటైపోయింది. అట్లా రెండేళ్ళు గడిచాయి.

ఒక గురువారం తొలి ఏకాదశి వచ్చింది. ఆ రోజు అత్త మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టదు. నాకు మాత్రం జొన్నరొట్టె, పప్పు చేసి ముందు పెట్టింది. నేను అలవాటు కొద్దీ అరిచాను.

"ముందు అది ఉమ్మెయ్ అత్తా!"

"ఏముండాదని ఉమ్మేది? ఈ పొద్దు ఏకాదశి గదే."

రొట్టె ముక్క నా చేతిలోనే ఉండిపోయింది. నోట్లో ఆకు లేదు. బుగ్గ మాత్రం రోజూ ఉన్నంత ఎత్తుగానే ఉంది. లేచి చెయ్యి కడుక్కుని ఆమె కింది దవడను వేళ్ళతో తడిమాను. ఉబ్బింది ఎముకే. ఒకచోట నొక్కితే కొంచెం లోపలికి పోయింది.

"నొప్పి ఉందా?"

"లేదే. ఉంటే నీకు సెప్పనా?"

నా మీద నాకే అసహ్యం వేసింది. ఊరందరి దవడలూ పట్టి చూసేదాన్ని, నాకు అన్నం పెట్టిన మనిషి దవడను ఒక్కసారీ ముట్టుకోలేదు. పైగా పొగాకు నోరు. క్యాన్సరే అనుకున్నాను. ఆ సాయంత్రమే ఎక్స్‌రే తీయించి, మర్నాడు కర్నూలుకు తీసుకుపోయాను. పరీక్షకు చిన్న ముక్క తీసి పంపారు.

రిపోర్టు రావడానికి పది రోజులు పట్టింది. ఆ పది రోజులూ అత్త ఒకటే అడిగింది.

"ఇది శానామందికి వస్తాదా పాపా, నాకొక్కదానికేనా?"

ఆమెకు చదువు రాదు. నోటుపుస్తకం తెచ్చి పక్కన కూర్చుని చదివాను. మద్దికెర రైతు. దేవనకొండ టీచరమ్మ. సి.బెళగల్ నుంచి వచ్చిన కొత్త పెళ్ళికూతురు. ఒక్కొక్కరికీ "బతికే ఉండారా?" అని అడిగింది. ఉన్నారన్నాను. మధ్యలో ఒక పేజీ చదవకుండా తిప్పేశాను.

"అది యాల తిప్పేసినావు?" అంది. నేను తర్వాతి పేజీ చదివాను. ఆమె మళ్ళీ అడగలేదు.

రిపోర్టులో అమెలోబ్లాస్టోమా అని వచ్చింది, క్యాన్సర్ కాదు. ఆసుపత్రి వరండాలోనే ఏడ్చేశాను. కర్నూలులో ఆమె దవడ ఎముక ఎడమ సగం తీసేసి లోహపు పట్టీ వేశారు. రెండేళ్ళ ముందే పట్టుకుని ఉంటే అంత పోయేది కాదు. ఆ మాట ఆమె ఇంకెవరి నోటా వినకూడదని నేనే చెప్పాలనుకున్నాను. చెప్పడానికి ఆరు నెలలు పట్టింది.

ఆ గురువారం ఆమె రొట్టెను పప్పులో నానబెట్టుకుని తింటోంది. ఆకు మానేసింది. ముఖం ఎడమ వైపుకు లాగినట్టు ఉంది. నేను చెప్పిందంతా విని అడిగింది.

"ఆకు వల్ల వచ్చిండేది కాదా ఇది?"

"కాదు అత్తా. ఆకు దాన్ని కనపడనీకుండా చేసింది, అంతే."

"అయితే రెండేండ్లూ నువ్వు తిట్టింది ఆకును కాదు. నా దవడనే."

అని నవ్వింది, ఉన్న సగం దవడతో. నాకు నవ్వు రాలేదు. తల వంచుకుని రొట్టె తిన్నాను. చెప్పులేసుకుంటుంటే వెనక నుంచి పిలిచింది.

"ఏమే, నోరు సూడకనే పోతాండావా?"

గడప దగ్గర వెలుతురులోకి వచ్చి, తెరుచుకున్నంత మటుకు నోరు తెరిచింది. చెప్పులు విడిచి, చేతులు కడుక్కుని చూశాను.