ఒప్పందంలో లేని మనిషి

ఆ ఒప్పందం కింద నర్సుల తరఫున నాలుగు సంతకాలున్నాయి. మూడోది నాది. మొదట ఉండాల్సిన సంతకం మాత్రం అందులో లేదు. అది ఎందుకు లేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మా ఆస్పత్రి వన్‌టౌన్‌లో ఉండేది. ఒక ధర్మసంస్థ నడిపేది. గాలి పోర్టు వైపు నుంచి వీచిందంటే ఆరేసిన దుప్పట్ల మీద ఇనప ఖనిజం ధూళి పడి, సాయంత్రానికి తెల్లదుప్పటి ఎర్రమట్టి రంగు తేలేది. వచ్చే రోగుల్లో సగానికి సగం పోర్టులో సరుకు మోసే కలాసీలు, వాళ్ళ ఇళ్ళవాళ్ళు. నేను చోడవరం వైపు పల్లె నుంచి వచ్చిన రైతు కూతుర్ని. ట్రైనింగు ముగించి డెబ్బయ్యో దశకం మొదట్లో అక్కడ చేరాను. చేరిన రోజే మేట్రన్ గారు ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ఉద్యోగంలో ఉండగా పెళ్ళి చేసుకుంటే రాజీనామా ఇచ్చినట్టే లెక్క అని అందులో ఉంది. చదివే పెట్టాను. అప్పటికి నాకు పెళ్ళి మీద ధ్యాస లేదు. సొంతంగా ఒక మంచం, నా పేరు రాసిన ఒక పెట్టె దొరికాయని పొంగిపోయాను.

మగవాళ్ళ వార్డులో సీనియర్ సిస్టర్ ఒకావిడ ఉండేది. భీమవరం దగ్గరి ఊరు. పెళ్ళయిన రెండేళ్ళకే భర్త పోతే, ఆ తర్వాత నర్సింగు చదువుకుంది. అందుకని ఆ పెళ్ళి షరతు ఆవిడకి అడ్డం రాలేదు. అందరం అక్కా అనే పిలిచేవాళ్ళం. మనిషి సన్నం, గొంతు మాత్రం వార్డు ఆ చివరికి వినపడేది. నా యాస విని మొదట్లో నవ్వేది. "నాను వత్తన్నాను కాదే, నేను వస్తున్నాను అనాలి. లేకపోతే డాక్టరు నిన్ను ఆయా అనుకుంటాడు," అని దిద్దేది. కోపం వచ్చేది. కానీ సెలైను ఎక్కించేటప్పుడు నరం దొరక్క నేను తడబడితే, వెనక నిలబడి నా మోచెయ్యి కింద తన చెయ్యి పెట్టేది. ఆ పని నాకు వచ్చింది ఆవిడ వల్లనే.

ఆడవాళ్ళ వార్డులో మాతో పనిచేసే ఒక అమ్మాయి ఎవరికీ చెప్పకుండా సింహాచలంలో పెళ్ళి చేసుకుంది. మాలో ముగ్గురికి తెలుసు. మెడలో తాళి బయటికి కనపడకుండా యూనిఫాం లోపల పిన్నీసుతో గుచ్చి పెట్టుకునేది. కడుపు నిలిచి నాలుగో నెల వచ్చింది. వార్డులో నలభై మంది రోగులు, డ్యూటీలో తనొక్కతే. తుంటి ఎముక విరిగిన ఒక భారీ మనిషిని పక్కకి తిప్పబోయి, ఆవిడ జారుతుంటే ఆపడానికి మొత్తం బరువు తన మీద వేసుకుంది. ఆ మధ్యాహ్నమే రక్తం మొదలైంది. బిడ్డ నిలవలేదు. అదే వార్డులో, తను రోజూ దుప్పట్లు మార్చే మంచాల్లో ఒకదాని మీద పడుకోబెట్టాం. మర్నాడు పొద్దున్నే ఆఫీసు ప్యూను వచ్చి కవరు ఇచ్చి వెళ్ళాడు. పెళ్ళి దాచినందుకు ఉద్యోగం తీసేసినట్టు ఉత్తర్వు. ఆ అమ్మాయి కవరు విప్పలేదు. అక్క విప్పి చదివింది. చదివి, మడిచి, తన జేబులో పెట్టుకుంది.

"ఇంక చాలు," అంది. అంతే అంది.

నెల తిరక్కుండా యూనియన్ పెట్టింది. డిమాండ్లు ఎలా రాయాలో మాకెవరికీ తెలీదు. పోర్టు కలాసీల యూనియన్‌లో పాతికేళ్ళు పనిచేసిన ఒక పెద్దమనిషి పూర్ణా మార్కెట్ వెనక సందులో ఉండేవాడు. అక్క మమ్మల్ని ఆయన దగ్గరకి తీసుకెళ్ళింది. ఆయన బల్ల మీద కాగితం పరిచి, "సెప్పండమ్మా, మీకు ముందుగాల ఏటి కావాలి?" అని అడిగాడు.

ఒకరు జీతమన్నారు, ఇంకొకరు సెలవులన్నారు. నేను మా డ్యూటీ గదికి లోపలి గడియ కావాలన్నాను. ఆయన రాయడం ఆపి నా వైపు చూశాడు. "గడియ లేదేటి?" అన్నాడు. లేదన్నాను. ఆయన తల వంచుకుని అదే మొదట రాశాడు.

అక్క రాయించినవి రెండు. పెళ్ళి చేసుకుంటే ఉద్యోగం పోకూడదు. ఏ వార్డులోనూ ఏ పూటా నర్సు ఒంటరిగా ఉండకూడదు, ఇద్దరుండాలి.

చర్చలు ధర్మసంస్థ సెక్రటరీ గారి గదిలో జరిగాయి. ఆయన ఎప్పుడూ ఖద్దరు వేసుకునే పెద్దాయన. మాట మెత్తన. మొదటి సమావేశంలో మాకు కాఫీ తెప్పించి, "మీరు సేవ చేసేవాళ్ళు తల్లీ. కూలీలు కారు. కూలీల దారి మీకెందుకు?" అన్నారు.

"కూలీకి బరువెత్తేటప్పుడు రెండో మనిషిని ఇస్తారు సార్," అంది అక్క. "మాకు అదీ లేదు."

గడియకి ఆ రోజే ఒప్పుకున్నారు. జీతం గురించి మూడో సమావేశానికి దిగి వచ్చారు. పెళ్ళి మాట వస్తే పక్కన కూర్చున్న ఆస్పత్రి సూపరింటెండెంట్ గారు కిటికీలోంచి బయటికి చూసేవారు. ఇద్దరు నర్సుల మాట వస్తే సెక్రటరీ గారు వాచీ చూసుకునేవారు. అలా ఐదు సమావేశాలు జరిగాయి. ఐదోసారి మేం లేచి వచ్చేసి, ఒక్కరోజు సమ్మెకి నోటీసు ఇచ్చాం.

రోగుల్ని వదిలేయకూడదని అక్క గట్టిగా అంది. ప్రతి వార్డులో ఒక నర్సు ఉండాలి, పన్నెండింటికి రెండో మనిషి వచ్చి డ్యూటీ అందుకోవాలి. ఎవరు ఎక్కడో తనే ఒక నోటుపుస్తకం కాగితం మీద రాసింది. మగవాళ్ళ వార్డులో పొద్దున తను, పన్నెండు నుంచి నేను.

సమ్మె రోజు గేటు దగ్గర మేం అనుకున్నదానికి పదింతల జనం వచ్చారు. కలాసీలు షిఫ్టు దిగి అటే వచ్చారు. కొందరి చేతుల్లో ఇంకా బస్తాలు లాగే కొక్కేలున్నాయి. పదకొండున్నరకి ఆ పెద్దమనిషి నా చేతికి మైకు ఇచ్చి, "రెండు మాటలు సెప్పమ్మా," అన్నాడు. నా జన్మలో పది మంది ముందు మాట్లాడి ఎరగను. ఆ అమ్మాయి సంగతి చెప్పడం మొదలుపెట్టాను. నా యాసలోనే చెప్పాను. జనం కదలకుండా విన్నారు. ఒక ముసలి కలాసీ కళ్ళు తుడుచుకోవడం చూశాను. అది చూశాక ఆపబుద్ధి కాలేదు. నిజం చెప్పాలంటే నాకు ఆ వినడం నచ్చింది. మైకు ఇచ్చేశాక కూడా చుట్టూ చేరి మాట్లాడుతుంటే నిలబడిపోయాను. పన్నెండు దాటిందని తెలుసు. ఇంకో ఐదు నిమిషాలు అనుకున్నాను. మళ్ళీ ఐదు నిమిషాలు అనుకున్నాను.

వార్డు మెట్లెక్కేసరికి ఒంటిగంట కావస్తోంది. వరండాలో అక్క ఒక్కతే ఆక్సిజన్ సిలిండర్ ట్రాలీ లాగుతూ కనపడింది. ట్రాలీ చక్రం ఒకటి తిరగడం లేదు. ముందుకి లాగి, ఆగి, మళ్ళీ లాగుతోంది. నన్ను చూసి, "పట్టు," అంది. ఇద్దరం పరుగున తోశాం. కిటికీ పక్క మంచంలో ఉబ్బసం ముదిరిన కలాసీ ఒకాయన ఉన్నాడు. పొద్దున్నుంచి ఆక్సిజన్ మీదే ఉన్నాడట. సిలిండర్ అయిపోతే కొత్తది తేవడానికి అక్క స్టోరుకి వెళ్ళింది. మేం వచ్చేసరికి ఆయన సగం లేచి, ఒక చేత్తో కిటికీ ఊచ పట్టుకుని ఉన్నాడు. పోయాడు. అక్క అయినా మాస్కు పెట్టింది, ఛాతీ మీద అదిమింది, చాలాసేపు అదిమింది. నేను ఊచ మీంచి ఆయన వేళ్ళు విడదీశాను.

ఇద్దరముంటే ఒకరు రోగి దగ్గర ఉండేవాళ్ళు, ఒకరు సిలిండర్‌కి వెళ్ళేవాళ్ళు. మేం అడుగుతున్నదే అది.

సాయంత్రానికి అక్కని సస్పెండ్ చేశారు. రోగిని వదిలి వెళ్ళిందని అభియోగం. ఊళ్ళో మాట మారిపోయింది. పొద్దున మా కోసం వచ్చిన కలాసీల్లోనే కొందరు మమ్మల్ని చూసి ముఖం తిప్పుకున్నారు.

రెండు రోజుల తర్వాత అక్క ఇంటికి వెళ్ళాను. పూర్ణా మార్కెట్‌కి దగ్గర్లో రేకుల కప్పు గది. ఆవిడ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. నేను గుమ్మంలోనే ఏడ్చేశాను.

"అక్కా, నాను సెప్పేత్తాను. పన్నెండుకి రావాల్సింది నాను, రానేదని సెప్పేత్తాను."

ఆవిడ చేటలోంచి తల ఎత్తలేదు. "చెప్తే ఏమవుతుంది? ఇద్దరం పోతాం. సమ్మెలో నర్సులు చేసిన నిర్లక్ష్యమని ఇంకో సాకు దొరుకుతుంది వాళ్ళకి. మాట్లాడకు."

"మరి నువ్వు?"

"ఒప్పందం అయితే నా సంగతీ అందులోనే తేలుతుంది. సస్పెన్షన్ ఎత్తేస్తేనే సంతకం అనండి."

సరేనన్నాను. మెట్లు దిగుతుంటే నా గుండెల మీంచి ఏదో దింపినట్టయింది. మాట్లాడొద్దని ఆవిడే అంది కదా అనుకున్నాను. ఎంత తేలిగ్గా అనిపించిందో ఇప్పటికీ గుర్తుంది. ఆ రోజుల్లో చేసినవాటిల్లో నన్ను ఎక్కువ బాధపెట్టేది అదే.

ఆఖరి సమావేశం లేబర్ ఆఫీసులో జరిగింది. అక్క లేదు కాబట్టి మేం నలుగురం, మాతో ఆ పెద్దమనిషి. సెక్రటరీ గారు టైపు చేసిన కాగితాలు తెచ్చారు. అన్నీ ఉన్నాయి. పెళ్ళి షరతు రద్దు, వార్డుకి ఇద్దరు, జీతం, గడియ. "ఇవన్నీ ఇస్తున్నాం. ఆవిడ విషయం వేరు. ఒక ప్రాణం పోయింది. ఎంక్వైరీ తన దారిన తను జరుగుతుంది. దీనికీ దానికీ ముడి పెడితే కాగితాలు వెనక్కి తీసుకెళ్తాను," అన్నారు. అదే మెత్తని గొంతు.

మేం వరండాలోకి వచ్చాం. పెద్దమనిషి బీడీ వెలిగించుకున్నాడు. "ఇప్పుడు ఒప్పుకోపోతే ఇంకోపాలి ఇంత దూరం రాలేరమ్మా. జనం మన ఎనకాల లేరు," అన్నాడు. "ఆయమ్మ కేసు తరవాత కొట్టాడదాం."

"అక్కని ఓపాలి అడిగొత్తాను. పావుగంటలో వచ్చేత్తాను," అన్నాను.

మాలో పెద్దావిడ, పిల్లల వార్డు సిస్టరు, నా చెయ్యి పట్టుకుంది. "అడిగితే పెట్టీమనే అంటాది. ఆ మాట ఆవిడ నోటి సేత అనిపించడం దేనికే?"

అది దయో, పిరికితనమో నాకు తెలీదు. నేను చెయ్యి విడిపించుకోలేదు. లోపలికి వెళ్ళి నలుగురం సంతకాలు పెట్టాం.

కాపీ తీసుకుని అక్క దగ్గరికి నేనే వెళ్ళాను. వాకిట్లో నిలబడే తీసుకుంది. ఉష్ణోగ్రత చార్టు చూసినట్టు వేలు పెట్టి ఒక్కో వరుసా చదివింది. తన పేరు ఎక్కడా లేదన్నది గ్రహించినట్టే ఉంది, అయినా వేలు ఆగకుండా కిందకి పోయింది. ఒకచోట వేలు ఆగింది.

"ఇదేమిటి? 'ప్రతి వార్డులోనూ వీలైనంతవరకు ఇద్దరు నర్సులు.' ఈ వీలైనంతవరకు ఎవరు పెట్టనిచ్చారు?"

నేను వంగి చూశాను. నిజమే. ఆ మాట అక్కడ ఉంది. మేం నలుగురం చదివాం, పెద్దమనిషి చదివాడు. ఎవరి కంటా పడలేదు. అక్క ఉంటే పడేది.

"వాళ్ళకెప్పుడూ వీలవదే అమ్మాయ్," అంది. కాగితం మడిచి నాకే ఇచ్చేసింది.

ఆవిడ అన్నట్టే అయింది. నేను పనిచేసినన్నాళ్ళూ వార్డులో రెండో నర్సు రాలేదు. పెళ్ళి షరతు మాత్రం పోయింది. మరుసటి ఏడే నాకు పెళ్ళయింది. ఇద్దరు పిల్లల్ని కన్నాను, ఉద్యోగం చేసుకున్నాను. బిడ్డని పోగొట్టుకున్న ఆ అమ్మాయిని మాత్రం తిరిగి తీసుకోలేదు. ఒప్పందం సంతకాల తేదీ నుంచే వర్తిస్తుందన్నారు. ఎంక్వైరీలో నన్నూ పిలిచారు. "ఆ సమయంలో మీరు వార్డులో ఉన్నారా?" అని ఒక్క ప్రశ్న వేశారు. లేనని చెప్పాను. ఎందుకు లేరని వాళ్ళు అడగలేదు, నేను చెప్పలేదు. అక్క ఆ నోటుపుస్తకం కాగితం బయటపెట్టి ఉంటే అడిగేవాళ్ళే. పెట్టలేదు. ఆవిణ్ణి ఉద్యోగంలోంచి తీసేశారు. తర్వాత కొట్లాడదామన్న పెద్దమనిషి ఆ ఏడాదే పక్షవాతంతో పడిపోయాడు. మేం నలుగురం చందాలు వేసుకుని ఒక వకీలుని పెట్టాం. రెండు వాయిదాల తర్వాత అదీ సాగలేదు.

తర్వాత నాలుగైదేళ్ళు ఆవిడ ఎక్కడుందో తెలీదు. స్టీలు ప్లాంటు కట్టడం జోరందుకుని గాజువాక నిండా కొత్త మనుషులు వచ్చిపడుతున్న రోజుల్లో, అక్కడ ఒక చిన్న నర్సింగ్‌హోంలో ఉందని విని వెళ్ళాను. ఆరు మంచాలు. జుట్టు సగం నెరిసింది, కాళ్ళు వాచి ఉన్నాయి. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. స్టూలు చూపించింది.

పిల్లల గురించి అడిగింది. చెప్పాను. పెద్ద ఆస్పత్రుల్లో ఎందుకు ప్రయత్నించలేదని అడిగాను. పనిచేసిన చోట అనుభవ పత్రం ఇవ్వకపోతే ఎవరూ తీసుకోరంది. ఇక్కడైతే అడగరంది.

"అక్కా, నాను సూపరింటెండెంట్ గారికి రాసిచ్చేత్తాను. ఆ రోజు తప్పు నాదని రాసిత్తే నీకు పత్రమైనా ఇత్తారు," అన్నాను.

"ఇన్నాళ్ళూ రాయలేదుగా."

ఆవిడ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"రాయాలనుంటే రాయి," అంది. "నా కోసమని మాత్రం రాయకు."

రాశాను. ఆవిడ కోసమో నా కోసమో ఇప్పటికీ తెలీదు. సూపరింటెండెంట్ మారిపోయారు. కొత్తాయన చదివి, పాత ఫైలు ఇప్పుడెందుకమ్మా, నీ ఉద్యోగానికే ముప్పు అని ఉత్తరం నా చేతికే తిరిగి ఇచ్చారు. నేను తీసుకున్నాను.

ఆ తర్వాత మళ్ళీ గాజువాక వెళ్ళలేదు. ఆవిడ పోయిందని ఒక ఆయా ద్వారా తెలిసింది, అప్పటికే మూడు నెలలైంది.