మామ కారుకు వెడల్పు టైర్లు

నిన్న మధ్యాహ్నం ధర్మవరం నుంచి మామ ఫోన్ చేశాడు. "కారు ఇచ్చేసినా పాపా. బెంగళూరోళ్లు వచ్చి తోలుకపోయినారు" అన్నాడు. మా అమ్మకు తమ్ముడాయన. నాకు మనవళ్లు పుట్టినా ఆయనకు ఇంకా పాపనే. తర్వాత ఎండల గురించి, పట్టుచీరల బేరాల గురించి ఏదో మాట్లాడి పెట్టేశాడు. హిందూపురంలో మా వంటింట్లో నేను ఫోన్ పక్కన పెట్టి, మళ్లీ పప్పు ఏరడం మొదలుపెట్టాను.

అది తాత కొన్న అంబాసిడర్. మీగడ రంగు. చీరల అంగడికి సెలవు దొరికితే చాలు, మామ దాన్ని బిడ్డకు తలంటు పోసినట్టు కడిగేవాడు. వెనక సీటులో ఎడమ కిటికీ పక్క చోటు అవ్వది. పొరపాటున ఇంకెవరైనా అక్కడ కూర్చుంటే ఆమె ఏమీ అనేది కాదు, తలుపు దగ్గర అలా నిలబడి ఉండేదంతే. ఒక కాలు మడిచి సీటు మీద పెట్టుకుని, ఒళ్లో వక్కాకుల సంచితో, పెనుకొండలో ఉన్న చెల్లెలి దగ్గరికి బయల్దేరేది. వచ్చేటప్పుడు చిన్నవ్వను కూడా వెంటబెట్టుకొచ్చేది. దారి పొడుగునా ఇద్దరూ చిన్ననాటి తగవులనే మళ్లీ మొదట్నుంచి పోట్లాడుకునేవాళ్లు. మామ అద్దంలో చూసి నవ్వుకునేవాడు.

కొన్నేళ్ల కిందట మామ చేతికి కొత్త ఫోన్ వచ్చింది. పాత కార్లకు వెడల్పు టైర్లు వేసుకుని తిరిగేవాళ్ల వీడియోలు చూసి మనసు పారేసుకున్నాడు. "మన బండికీ ఎయ్యల్ల పాపా. వెనకనుంచి చూస్తే పైల్వాను కూర్చున్నట్లుండల్ల" అనేవాడు. టైర్లు తెచ్చాడు గానీ అవి వెనక మడ్‌గార్డుల్లో పట్టలేదు. చక్రం తిరిగే గూడు ఇరుకు. దాన్ని పెద్దది చేయించడానికి బండిని హిందూపురం తెచ్చి, పని అయ్యేదాకా మా ఇంట్లోనే ఉన్నాడు. నేను కూడా షెడ్డుకు పోయి చూశాను. గూడు అంచును నెలవంకలా కోసేశారు. లోపలికి మడిచి ఉన్న రేకును సుత్తితో కొట్టి అణిచారు. బయట ఉబ్బెత్తుగా కొత్త రేకు వెల్డింగ్ చేసి, నున్నగా రుద్ది, రంగు కొట్టారు. రేకు కోసేటప్పుడు మామ పంటినొప్పి వచ్చినవాడిలా మొహం తిప్పుకున్నాడు. టైర్లు ఎక్కించాక మాత్రం గుడి చుట్టూ తిరిగినట్టు తిరిగాడు. ఖాళీ బండిని షెడ్డు ముందు అటూ ఇటూ తోలి చూశారు. ఎక్కడా తగల్లేదు. అందరికీ సంతోషం.

మర్నాడు ధర్మవరంలో బంధువుల పెళ్లి. దారిలో పెనుకొండలో, చెల్లెలి ఇంటికి ముందే వచ్చి ఉన్న అవ్వనూ, చిన్నవ్వనూ ఎక్కించుకున్నాం. ఇద్దరూ పట్టుచీరల్లో, పెళ్లింటికి వండిన నిప్పట్ల డబ్బాతో వెనక కూర్చున్నారు, నేను ముందు మామ పక్కన. వీధి చివర గతుకులో చక్రం దిగగానే కర్రుమంది. రబ్బరు కాలిన వాసన. మామ దిగి చూశాడు. బరువుకు కారు వెనక భాగం కుంగి, టైరు రేకును రాస్తోంది. డబ్బా నా ఒళ్లోకి వచ్చింది. అవ్వ మధ్యకు జరిగింది. మళ్లీ కర్రుమంది. నేను వెనక్కి, అవ్వ ముందుకు మారాం. దాంతో చప్పుడు ఇంకా పెరిగింది.

"ఇంతమందితో కాదుమా. టైరు కోసుకపోతుంది. మీరు బస్సెక్కండి, నేను ఎనకాలే వస్తా" అన్నాడు మామ.

అవ్వ కొడుకు మొహంలోకి చూసి, "నేనేమన్నా అంత బరువైతినా నాయనా?" అంది. ఆ గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగినట్టుంది.

"నీ గురించి కాదుమా" అన్నాడు మామ, టైరు వైపు వంగి చూస్తూనే.

నేనూ వాళ్లతో బస్సెక్కాను. చిన్నవ్వకు సీటు దొరకలేదు. పట్టుచీర కొంగు నడుముకు దోపుకుని, కంబీ పట్టుకుని చాలా దూరం నిలబడింది. మా వెనకే మామ, ఖాళీ సీట్లతో, మెల్లగా తోలుకొస్తున్నాడు.

వారం తిరక్కముందే మామ పాత టైర్లు మళ్లీ వేయించాడు. ఉబ్బెత్తు రేకు కింద అవి పెద్ద చొక్కా తొడుక్కున్న బక్కమనిషిలా కనిపించేవి. పెనుకొండ పోదాం రమ్మంటే అవ్వ, "బస్సులో బాగుంటాది లేరా. నలుగురు మాట్లాడతారు" అనేది. ఎప్పుడు పిలిచినా అదే మాట, అదే నెమ్మది. తిట్టి ఉంటే మామ కాళ్లు పట్టుకునేవాడే.

ఆ చలికాలం చిన్నవ్వ జ్వరంతో పోయింది. కబురు రాగానే మామ కారు వెనక తలుపు తెరిచాడు. ఈసారి అవ్వ ఎక్కి, తన కిటికీ పక్కనే కూర్చుంది. పెనుకొండలో ఆ గతుకు దగ్గర మామ బండిని బాగా నెమ్మది చేశాడట. "ఒక్కదాన్నే కదా నాయనా, తగల్దులే. పోనీ" అందట అవ్వ. ఇది మామే నాకు చెప్పాడు, అవ్వ కూడా పోయిన చాలా రోజులకు. ఆ తర్వాత ఆయన ఆ కారును బయటికి తీసింది తక్కువ.

పెళ్లినాటి సాయంత్రం మేము చిన్నవ్వను పెనుకొండ బస్సెక్కించాం. కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి, "వచ్చే యేడు వస్తాలే, ఇంగ మీరు పోండి" అంది. మేమూ సరేనని తలలూపాం. ఏడాదికేం, ఆ వచ్చే యేడు చెప్పిన వేళకే వచ్చి వెళ్లిపోయింది.