లండన్ టైం ప్రకారం నేనే కరెక్టు

విమానం తప్పిపోయినవాళ్లు లోకంలో చాలామంది ఉంటారు. ట్రాఫిక్‌లో ఇరుక్కున్నవాళ్లు, అలారం మోగనివాళ్లు, టికెట్ మీద తేదీ సరిగ్గా చూసుకోనివాళ్లు. వాళ్లందరి మీదా నాకు జాలి ఉంది. నా మీద మాత్రం ఎవరూ జాలిపడకండి. నేను రెండు గంటల ముందే విమానాశ్రయంలో ఉన్నాను. ఒళ్లు బాగానే ఉంది, నిద్రపోలేదు, చెవులు రెండూ పనిచేస్తున్నాయి. అయినా నా విమానం నా వీపు వెనక నుంచి లేచి వెళ్లిపోయింది. సరిగ్గా ఆ సమయంలో నేనొక పెద్దమనిషికి టైం అంటే ఏమిటో వివరిస్తున్నాను.

మాది శంషాబాద్ పక్కన సాతంరాయి. విమానాశ్రయం తెరిచి మూడేళ్లయినా మా ఇంట్లో విమానం ఎక్కిన మొనగాడు లేడు. చేను మీదుగా పోయేవాటిని చూసి "ఇది దుబాయ్‌ది, అది బొంబాయిది" అని మా నాయనమ్మ చెప్పేది. కాదని నిరూపించగలవాళ్లు కూడా ఊళ్లో లేరు కాబట్టి అదే ఖాయం.

అలాంటి ఇంట్లో నేను ఇంజనీరింగ్ చదివాను. రెండో ఏడాదిలో నాకు లినక్స్ పట్టింది. పట్టింది అనే అనాలి, దయ్యాన్ని కూడా అలాగే అంటారు. లోకమంతా కంప్యూటర్లలో వాడే విండోస్ తప్పని, ఉచితంగా దొరికే లినక్సే మోక్షమార్గమని తెలిసిన మరుక్షణం నుంచి నేను మనిషిని కాను, ప్రచారకుణ్ణి. కాలేజీలో మా బెంచీ రెండు పార్టీలయింది. మైలార్‌దేవ్‌పల్లిలో నెట్ సెంటర్ నడిపే మా మేనమామ యాదయ్య మిషన్లు నాలుగింటికీ ఆయన అన్నానికి పోయిన సమయం చూసి లినక్స్ ఎక్కించేశాను. తరువాత ప్రింటర్ పనిచేయలేదు. వారం రోజులు పనిచేయలేదు. అప్పటినుంచి మామ నన్ను చూడగానే మిషన్లకు అడ్డంగా నిలబడేవాడు. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని ఉన్నట్టు, మార్కులున్నా, సర్టిఫికెట్లున్నా, నా నోట్లో లినక్స్ ఉంది.

చదువైపోయి ఏడాది ఖాళీగా తిరిగాక, బెంగుళూరులో ఒక కంపెనీ ఆఖరి ఇంటర్వ్యూకి పిలిచి విమానం టికెట్ పంపింది. మా ఇంటి ముందునుంచే బెంగుళూరు రోడ్డు పోతుంది, చెయ్యెత్తితే బస్సు ఆగుతుంది. కానీ విమానం టికెట్ అనేసరికి మా బాపు అది ప్రింటు తీయించి చొక్కా జేబులో పెట్టుకుని మూడు రోజులు ఊరంతా తిరిగాడు. "చదివి ఏం చేస్తుండు నీ కొడుకు" అని ఏడాదిగా అడిగిన ప్రతివాడికీ జవాబుగా ఆ కాగితం తీసి చూపించాడు. ఆ ఉద్యోగం నాకెంత అవసరమో, ఆ కాగితం ఆయనకు అంతకంటే ఎక్కువ అవసరం. ఈ మాట మీరు గుర్తుంచుకోండి, ఆ రోజు నాకు గుర్తు లేదు.

సాగనంపడానికి ట్రాలీ ఆటోలో పద్నాలుగు మంది వచ్చారు. డిపార్చర్ గేటు ముందు నాయనమ్మ నా నుదుట కుంకుమ పెట్టింది. కాపలా జవాను చూడనట్టు పక్కకు తిరిగాడు. మామ ముందుకొచ్చాడు.

"అల్లుడా, లోపలికి పోంగనే ఫోన్ బంద్ పెట్టు. ఇమానంకాడ ఫోన్ మోగొద్దంట."

"సరే మామా."

"ఇంకోటి. ఆడ ఎవ్వల కంప్యూటర్ ముట్టకు."

"ముట్ట మామా."

బాపు నా పేరు పెట్టి ఒక్కటే చెప్పాడు. "శ్రీశైలం, ఎవ్వలతోని మాటలు పెట్టుకోకు బిడ్డా. సక్కగ పోయి కూసో."

నేను చక్కగానే పోయాను. సంచి అప్పజెప్పాను, తనిఖీ అయింది, ఫోన్ బంద్ పెట్టాను. విమానం పొద్దున తొమ్మిదిన్నరకు. అప్పటికి ఏడున్నర. నా గేటు దగ్గర కుర్చీలున్నాయి గానీ ప్లగ్గు లేదు. నా లాప్‌టాప్ సెకండ్ హ్యాండ్‌ది, కరెంటు లేకపోతే పదినిమిషాలు కూడా బతకదు. ప్లగ్గు వెతుక్కుంటూ పోయి పోయి, ఆ చివర ఒక స్తంభం మొదట్లో దొరికితే అక్కడ సెటిలయ్యాను. నా వెనక విమానాల టైములు చూపే బోర్డు, నా ముందు గోడ. చదువుకున్న వెధవ కూర్చోవలసిన చోటు అదే.

ఎనిమిదింపావుకు ఒక పెద్దాయన వచ్చాడు. తెల్లచొక్కా, చేతిలో లాప్‌టాప్ సంచి.

"బాబూ, ఇక్కడ కాస్త కూర్చోవచ్చాండీ? నాది కూడా చార్జింగ్ అయిపోయింది."

పేరు కామేశ్వరరావు గారు. విశాఖపట్నంలో ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యారట. అత్తాపూర్‌లో కూతురి దగ్గర పదిరోజులుండి తిరిగి వెళ్తున్నారు. చెప్పుకుంటూ లాప్‌టాప్ తెరిచారు. విండోస్. తెరవగానే మధ్యలో ఎర్రటి డబ్బా ఒకటి వచ్చి, యాంటీవైరస్ గడువు అయిపోయిందని మొత్తుకుంది.

నేను చూడకూడదనుకున్నాను. ఒట్టు, పది సెకన్ల పాటు చూడలేదు కూడా.

"సార్, ఆ డబ్బా రోజూ వస్తదా?"

"రోజూ వస్తుందండీ. కొట్టేస్తూ ఉంటాను."

"నా దాంట్ల రాదు సార్."

"మీరు డబ్బు కట్టేశారాండీ?"

"కట్టుడు లేదు, వైరస్ లేదు. లినక్స్ సార్."

ఆయన కళ్లజోడు సర్దుకున్నారు. లెక్కల మాస్టారు కళ్లజోడు సర్దుకుంటే లేచి వెళ్లిపోవాలని నాకు అప్పటికింకా తెలియదు.

"ఒక సందేహమండీ. అది అంత మంచిదైతే అందరూ ఎందుకు వాడరు?"

"తెలవక సార్."

"తెలియజేసేవాళ్లు లేరా?"

"నేనున్న గద సార్."

ఇక మొదలైంది. ఆయన ఒకటంటే నేను నాలుగన్నాను. విండోస్ కిరాయి ఇల్లన్నాను, గోడకు మేకు కొట్టాలన్నా ఓనర్‌ని అడగాలన్నాను. "సొంతిల్లయితే పైకప్పు కారినా మనమే ఎక్కాలి కదండీ" అన్నారాయన నింపాదిగా. గొంతు పెంచని మనిషితో వాదించడమంత కష్టం ఇంకోటి లేదు. మనం అరుస్తున్నామని మనకే వినిపిస్తుంది. చుట్టూ నలుగురు తిరిగి చూస్తున్నారు, ఓడిపోవడానికి వీల్లేదు. జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశాను.

"మీ దాంట్ల ఏం ఎక్కియ్య సార్. దీంట్లకెళ్లి నడిపి సూపిస్త, అంతే."

మామకిచ్చిన మాటా? గుర్తొచ్చింది. కానీ మామ ఉద్దేశం ప్రింటర్లున్న కంప్యూటర్ల గురించేనని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను.

లినక్స్ బ్రహ్మాండంగా తెరుచుకుంది. రంగులు చూసి కామేశ్వరరావు గారు కూడా "బావుందండీ" అన్నారు. తరువాత ఒక చిన్న కోరిక కోరారు. మనవరాలు స్కూల్లో డాన్సు చేసిన వీడియో ఉందట, అది వేయమన్నారు. వేశాను. పాప ఎగురుతోంది. పాట లేదు.

"పాట రావట్లేదండీ."

"ఒక్క నిమిషం సార్."

ఆ ఒక్క నిమిషంలో నేను తెర మీద నల్లటి కిటికీ తెరిచి ముప్ఫై ఆజ్ఞలు కొట్టాను. ముప్ఫై ఒకటో దానికి చెవులు చిల్లులు పడేలా పాట వచ్చింది. అవతల కుర్చీలో నిద్రపోతున్న చంటిపిల్ల లేచి ఏడ్చింది. నేను మాత్రం ఎన్నికల్లో గెలిచినవాడిలా చుట్టూ చూశాను.

"సరేనండీ, ఇక నా విండోస్ నాకు ఇచ్చేయండి" అన్నారాయన. పెన్‌డ్రైవ్ తీసి మళ్లీ విండోస్ తెరిచి ఇచ్చాను. ఆయన తెర మూలకి చూసి ఆగిపోయారు.

"ఇదేమిటండీ, తెల్లవారుజామున మూడు నలభై అంటోంది? ఇందాక సరిగ్గానే ఉంది కదా."

అయ్యా, ఇక్కడ మీరు కాస్త ఓపిక పట్టాలి. కంప్యూటర్ లోపల ఒక చిన్న గడియారం ఉంటుంది. అందులో ఉన్నది మన ఊరి టైమేనని విండోస్ అనుకుంటుంది. లండన్ టైం అని లినక్స్ అనుకుంటుంది. రెండింటినీ ఒకే మిషన్‌లో నడిపితే, లినక్స్ పోతూ పోతూ గడియారాన్ని లండన్‌కు తిప్పిపోతుంది, విండోస్ వచ్చి దాన్నే మన టైం అనుకుంటుంది. తోడికోడళ్లు ఒకే పొయ్యి మీద వండినట్టే. ఇందులో తప్పెవరిది అన్న ప్రశ్న మీద నేను కాలేజీలో మూడు స్నేహాలు పోగొట్టుకున్నాను. అలాంటి ప్రశ్న నా ముందుకు తనంతట తాను నడిచొచ్చింది.

"తప్పు లినక్స్‌ది కాదు సార్. విండోస్‌కే టైం తెలవదు."

"వచ్చినప్పుడు సరిగ్గా ఉందండీ. మీరు ముట్టుకున్నాకే మారింది."

"సార్, మీరు లెక్కల సార్. ఆ మూడు నలభైకి ఐదున్నర గంటలు కలపున్రి."

"తొమ్మిది పది."

"మీ వాచీల ఎంతయింది?"

"తొమ్మిది పదేనండీ."

"సూసిన్రా మరి. లినక్స్ ఎంత కరెక్టో."

పాఠకులారా, గమనించండి. తొమ్మిది పది అన్న మాటను నేనే అడిగి చెప్పించుకున్నాను, నా చెవులతో విన్నాను, విని గర్వపడ్డాను. నా విమానం తొమ్మిదిన్నరకని నా బుర్రలో ఉంది. తొమ్మిది పది కూడా అదే బుర్రలోకి వచ్చింది. ఆ రెండూ ఒకదాన్నొకటి పలకరించుకోలేదు.

నేను భూగోళం గీశాను. ఆయన టిష్యూ కాగితం మీదే. లండన్ ఎక్కడుందో, సాతంరాయి ఎక్కడుందో చుక్కలు పెట్టాను. పైన మైకులో ఏదో అరుస్తున్నారు.

"పాపం, ఎవరినో పేరు పెట్టి పిలుస్తున్నట్టున్నారండీ" అన్నారాయన.

"ఉంటరు సార్ కొందరు, టైం ఇలువ తెలవనోళ్లు. విండోస్ వాడేటోడే అయ్యుంటడు."

ఆయన నవ్వారు. నేనూ నవ్వాను. నోరా, వీపుకు దెబ్బలు తేకే అంటారు పెద్దలు. నా నోరు తేలేదు, ఉన్న విమానాన్ని పంపించేసింది.

ఆఖరికి ఆయన ఒప్పుకున్నారు. "సరేనండీ, లోకమంతటికీ ఒకే లెక్క ఉండాలన్న మీ మాట న్యాయంగానే ఉంది. గడియారం విషయంలో మీరే నెగ్గారు." నాలుగేళ్లుగా వాదిస్తున్నాను, ఒక మనిషి నాతో ఆ మాట అనడం అదే మొదటిసారి. ఆనందంతో నాకు నోట మాట రాలేదు. ఆ నిశ్శబ్దంలో ఆయన మర్యాదకు అడిగారు.

"నాది పదకొండున్నరకండీ. మీ విమానం ఎన్నింటికి?"

వాచీ చూశాను, ఆయనదే. తొమ్మిది నలభై.

పరిగెత్తాను. గేటు దగ్గర కుర్చీలు ఖాళీ, తలుపు మూసి ఉంది. అక్కడి అమ్మాయి నా టికెట్ చూసి, "సర్, మీ పేరు నాలుగుసార్లు పిలిచాం. ఎక్కడున్నారు?" అంది.

"గీడనే ఉన్న అక్కా" అన్నాను. బాపు జేబులోని కాగితం కళ్లముందు ఆడింది. ఇప్పుడు నవ్వుతున్నాను గానీ, అప్పుడు ఆ నున్నటి నేల మీద కూర్చుని ఏడవడానికి సిద్ధంగా ఉన్నాను.

ఫోన్ తెరిచి కంపెనీకి చేశాను. అక్కడి మేడమ్ రేపు పొద్దున పదింటికి ఇంకో బ్యాచ్ ఉంది, ఎలా వస్తారో మీ ఇష్టం అని పెట్టేసింది. వాళ్లు నా సంచి వెనక్కి తెచ్చి ఇచ్చేసరికి పదకొండు దాటింది. ఆటో ఎక్కి ఇంటికొచ్చాను.

వాకిట్లో చెప్పులు కుప్పగా ఉన్నాయి. సాగనంపినవాళ్లు ఎవరూ ఇళ్లకు పోలేదు. విమానాశ్రయం నుంచి అందరూ చేను గట్టు మీదికి పోయి, తొమ్మిదిన్నర దాటాక లేచిన విమానానికి తువ్వాళ్లు ఊపి వచ్చారట. లోపల భోజనాలు నడుస్తున్నాయి. నాయనమ్మ గొంతు వినిపిస్తోంది.

"కిటికీలకెళ్లి సెయ్యి ఊపిండు. మీకు అగుపడలే, నాకు అగుపడ్డది. తెల్లంగి ఏసుకున్నడు."

నేను గుమ్మంలో నిలబడ్డాను. నా చొక్కా నీలం. పద్నాలుగు ముద్దలు గాలిలో ఆగిపోయాయి. నాయనమ్మ నన్ను పైనుంచి కిందికి చూసింది, సంచి చూసింది, ముఖం వెలిగిపోయింది.

"అప్పుడే పోయొచ్చినవా కొడుకా? ఇమానం గింత జల్ది పోతదా?"

అంతే. అందరికీ ఊపిరొచ్చింది. గంటలో పోయి గంటలో వచ్చాడని ఒకరు, ఇంటర్వ్యూ అంటే పేరడుగుతారు అంతే కదా అని ఇంకొకరు. పక్కింటామె "బెంగుళూరు ఎట్లున్నది బిడ్డా?" అని అడిగింది.

"సల్లగున్నది" అన్నాను. విమానాశ్రయంలో ఏసీ బాగానే వేశారు.

మామ మాత్రం నా జేబులోంచి తొంగిచూస్తున్న పెన్‌డ్రైవ్ వైపే చూస్తున్నాడు. బాపు చెయ్యి కడుక్కుని లేచాడు. "దా, బర్లకు నీళ్లు పెట్టొద్దాం" అని కొట్టం వెనక్కి తీసుకుపోయాడు.

"ఎక్కలే గదా."

"ఎక్కలే బాపు."

"ఎందుకు?"

"ఒక సార్‌తోని కంప్యూటర్ మీద వాదన పడ్డది. అట్లనే కూసున్న."

బాపు బకెట్ నింపాడు. బర్రె తాగేదాకా ఆగాడు.

"గెలిచినవా?"

"గెలిచిన బాపు."

"ఏం విషయంల?"

అబద్ధం చెప్పి ఉండవచ్చు. చెప్పలేకపోయాను.

"టైం విషయంల."

బాపు బకెట్ కింద పెట్టి, కొట్టం గుంజ పట్టుకుని, నవ్వలేక దగ్గాడో దగ్గలేక నవ్వాడో నాకు తెలియలేదు. కళ్లు తుడుచుకుని, "రాత్రి బస్సుకు పో. నువ్వు ఎక్కేదాక నేను ఆడనే నిలబడ్త" అన్నాడు. నిలబడ్డాడు. చెయ్యెత్తి బస్సు ఆపింది కూడా ఆయనే.

మర్నాడు బెంగుళూరులో ముగ్గురు పెద్దలు నన్ను గంటసేపు పిండారు. చివర్లో ఒకాయన కుర్చీలో వెనక్కి వాలి, సరదాగా అడిగాడు, విండోస్ గొప్పదా, లినక్స్ గొప్పదా, నీ అభిప్రాయం ఏమిటి అని. నా నోరు తెరుచుకుంది. గోడ మీద గడియారం కనిపించింది. మూసుకుంది.

"మీ ఆఫీసుల ఏది ఉంటే అది సార్" అన్నాను. ఉద్యోగం వచ్చింది. బల్ల మీద విండోస్ పెట్టారు. నమస్కారం పెట్టి వాడుకున్నాను.

కాబట్టి సకల జనుల సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ విమానాశ్రయంలోనూ, ఏ స్తంభం మొదట్లోనూ, ఏ పెద్దమనిషి లాప్‌టాప్ వైపూ కన్నెత్తి చూడను. సూర్యుడు విండోస్ మీదే నడుస్తున్నాడని ఎవరైనా అన్నా, "అవునండీ, అందుకే సాయంత్రం బంద్ అయితడు" అని ఒప్పుకుని నా గేటు దగ్గరికి నడిచిపోతాను. బస్సులో అయితే మాత్రం మాట ఇవ్వలేను. అందులో ముందు ఎక్కి కూర్చుని, ఆ తరువాత వాదించవచ్చు.